అభిప్రాయాల పెట్టె

"అనుకూలం ఎనభై ఏడు, వ్యతిరేకం యాభై ఆరు," అని చదివి అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ మాటే మా మాట. చెత్త లారీల డిపోకి మీ వీధిని ఇవ్వడానికి మీరే ఒప్పుకున్నారు. వచ్చే నెలాఖరులోగా ఇళ్లు ఖాళీ చేస్తే చాలు."

మున్సిపల్ ఆఫీసు హాల్లో చప్పట్లు కొట్టింది ఒక్క గుమాస్తానే. పాపం, అతని ఉద్యోగంలో అదీ ఒక పని.

ముందు వరసలో కూర్చున్న టైలరమ్మ లేచి నిలబడింది. కోపంతో కాదు, భయంతో. ఆ నూట నలభై మూడు కాగితాలూ ఆమె కళ్లతో చూసినవే మరి. ఎవరైనా మెత్తబడతారేమోనని సోమవారం వీధి వీధంతటినీ తన కుట్టుమిషను బల్ల దగ్గర కూర్చోబెట్టి రాయించింది. ప్రతి కాగితం చదివింది, తనే మడిచింది. పనిమీద ఊరవతల ఉన్న వడ్రంగి తమ్ముడు పంపిన కాగితం కూడా అందులో ఉంది. అన్నిటిలోనూ ఒకటే మాట, వద్దు. అందరూ చూస్తుండగా వాటిని తెచ్చి ఈ బల్ల మీది చెక్కపెట్టెలో వేసింది. చివరి పాతిక కాగితాలు లోపలికి దిగక మొరాయిస్తే కొలబద్దతో కుక్కింది కూడా.

"పెట్టె తెరవండి. మా ముందు లెక్కపెట్టండి," అంది.

అధికారికి కోపం రాలేదు. అతనికి కోపం రాకపోవడమే ఆమెకి నచ్చలేదు. లెక్క అయిపోయిందనీ, కాగితాలు మళ్లీ అందులోనే వేసి తాళం పెట్టేశామనీ, నిబంధన అలాగే ఉందనీ మెల్లగా చెప్పాడు. పెట్టెకి ముందువైపు ఇత్తడి తాళం నిగనిగలాడుతోంది. పైన చీలిక, దాని కింద తెల్లరంగుతో 'మీ అభిప్రాయం' అని అక్షరాలు.

"ఎవరేం రాశారో బయటపడితే మీలో మీకే గొడవలమ్మా," అన్నాడు. "మీ మంచికే ఈ రహస్యం."

గొడవ అప్పటికే మొదలైంది. జనం ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పన్నెండేళ్లుగా పక్కింట్లో ఉంటున్న ఇస్త్రీ ఆయన నేలచూపులు చూస్తూ నోరు విప్పాడు.

"కాగితాలు ఒక పూటంతా నీ ఇంట్లోనే ఉన్నాయి కదక్కా."

వెనకనుంచి ఇంకెవరో అందుకున్నారు. ఆ గుమాస్తా వేసుకున్న చొక్కా ఆమె కుట్టిందేనట, మొన్ననే తీసుకెళ్లాడట. నిజమే, కుట్టింది. కొలతలిస్తే ఎవరికైనా కుడుతుంది, అది ఆమె బతుకుతెరువు. ఆ సంగతి చెప్పబోయి ఆగిపోయింది. ఇటు చూస్తున్న కళ్లలో ఒక్కటి కూడా వినేటట్టు లేదు. ఇల్లు పోవడం సరే, ఇంటితోపాటు వీధిలో తన పేరు కూడా పోతోందని ఆ క్షణాన ఆమెకి అర్థమైంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ పాలాయన గొంతు సవరించుకున్నాడు. నాలుగేళ్ల కిందట రోడ్డు కింద పోయిన మిల్లు వీధి అతనిది.

"మా వీధిలోనూ ఇంతేనమ్మా. మేమంతా వద్దనే రాశామనుకున్నాం. లెక్కలో మాత్రం వేరేగా వచ్చింది. ద్రోహం చేసిందెవరో ఈరోజుకీ తేలలేదు. మా అన్నా నేనూ మాట్లాడుకోవడం మానేసి నాలుగేళ్లు."

అధికారి గడియారం చూసుకుని, హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టి వెళ్లమన్నాడు. గుమాస్తా పుస్తకం పట్టుకుని వరసల మధ్యకి బయల్దేరాడు.

అప్పుడొచ్చాడు తమ్ముడు. భుజాన పనిముట్ల సంచి, జుట్టునిండా రంపప్పొట్టు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ఈ హాల్లో అడుగుపెట్టడం అతనికి ఇదే మొదటిసారి. అతన్ని చూడగానే గుమాస్తా చటుక్కున వెనక్కి తిరిగి, పుస్తకంలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, కాగితాలు నేనే మార్చేశానంటున్నార్రా," అంది టైలరమ్మ. అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు తమ్ముణ్ణి చూశాక ఆగలేదు.

అతను అక్క వైపు చూడలేదు. బల్ల వైపు చూస్తున్నాడు. సంచి కింద పెట్టి తిన్నగా పెట్టె దగ్గరికి నడిచాడు.

"బాబూ, దాన్ని ముట్టుకోకు," అన్నాడు అధికారి. ఈసారి గొంతు మెల్లగా లేదు.

తమ్ముడు వినిపించుకోలేదు. పెట్టె పక్క చెక్కమీద అరచేత్తో తడిమి, ఒకచోట వేలు ఆపాడు. చెక్కలో ముడి ఊడి కన్నం పడితే చిన్న ముక్క అతికించి నున్నగా చిత్రిక పట్టిన చోటు అది. రెండు చేతులా పెట్టెని లేపబోయాడు. అది కదలనంత బరువుంది.

"దీన్ని ఎన్నాళ్లనుంచి వాడుతున్నారు?" అని అడిగాడు.

గుమ్మం దగ్గర్నుంచి పాలాయన చెప్పాడు, మిల్లు వీధి మీటింగులోనూ ఇదే పెట్టె అని.

తమ్ముడి మొహం పాలిపోయింది. ఇస్త్రీ ఆయన్నీ, వరసల్లో కూర్చున్న వీధి జనాన్నీ, చివరికి అక్కనీ చూశాడు.

"ఐదేళ్ల కిందట నేను చేసిన పెట్టేనక్కా ఇది. కొలతలిచ్చింది ఆ గుమాస్తానే. దీనికి తలుపు వద్దు, తలుపులా గీత గీసి తాళం బిగిస్తే చాలన్నాడు."