పెద్దోడు లోపల్కి పోయిండా?

మంగళం పాట అయిపోయింది. హార్మోనియం మూత పడింది. తండ్రి వేషం కట్టిన యోసేపు పెట్టుడు గడ్డం ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. అయినా జనంలో ఒక్కరూ లేవలేదు.

“ఆట అయిపోయింది. ఇగ ఇండ్లకు పోండ్రి,” అన్నాడు ప్రేమదాసు చేతులు జోడించి.

“అయిపోవుడేంది? పెద్దోడు లోపల్కి పోయిండా లేదా?” అంది ముందు వరసలో కూర్చున్న సంగమ్మ.

ప్రేమదాసు మిషన్ బడిలో పంతులు. ఆరు నెలలు కూర్చుని, బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథను పాటలుగా కట్టాడు. జొన్నకోతలయ్యాక, నారాయణఖేడ్ సంత నాటి మధ్యాహ్నం, రెండు ఎడ్లబండ్లు జోడించి వాటి మీద ఆడించాడు. చూసేవాళ్లు నొచ్చుకుంటారని కథలోని కొవ్విన దూడను మేకపోతును చేశాడు.

ఆట బాగానే నడిచింది. చిన్నకొడుకు ఆస్తిలో తన పాలు పంచుకుని పోయి, అంతా తగలేసి, చినిగిన బట్టలతో తిరిగొచ్చాడు. తండ్రి ఉరికి కావలించుకుని విందు చేశాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అప్పుడు పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు సంగతి తెలిసి, అలిగి గడప బయటే నిలబడ్డాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. అక్కడితో మంగళం.

“పుస్తకంల గంతే ఉన్నదమ్మా,” అన్నాడు ప్రేమదాసు.

“మిగిలిన కాయిదం యాడన్న పారేసుకున్నవా ఏంది పంతులూ?”

జనం నవ్వారు. కానీ లేవలేదు.

“పోకపాయె! ఎందుకు పోవాలె?” అని వెనక నుంచి జగన్నాథ్ లేచాడు. ఇద్దరు తమ్ముళ్ల సేద్యం తానొక్కడే ఈడుస్తున్న మనిషి. “ఇన్నేండ్లు ఎద్దు లెక్క కష్టం జేసిండు. వానికి ఒక్కనాడన్న మేకపిల్లను కోసిండ్రా?”

సగం మంది ఈలలు వేశారు.

“అయ్య అంత బతిలాడంగ పోకుంటే ఎట్ల?” అంది బసమ్మ.

“నీ మరిది గిట్లనే అంత తగలేసొస్తే బువ్వ పెడ్తవా నువ్వు?” అన్నాడు జగన్నాథ్.

“బువ్వ పెడ్త. గని మేకపోతునైతే కొయ్య,” అంది బసమ్మ.

“తప్పంత ముసలోనిది,” అని ఇంకెవరో యోసేపు మీద పడ్డారు. “దావత్ జేస్తివి, పొలంల ఉన్న పెద్దోనికి ఒక్క ఖబర్ పంపవద్దా?”

“నా పాటల లేదు!” అన్నాడు యోసేపు. ఏం చేయాలో తోచక గడ్డం మళ్లీ తగిలించుకున్నాడు.

పెద్దకొడుకు వేషం కట్టిన కూలివాడు కాలేబు, ఇంటి గడపగా కట్టిన పరదా బయటే, చేతిలో ముల్లుగర్రతో నిలబడి ఉన్నాడు. “పంతులూ, దిగాల్నా, ఉండాల్నా?”

“దిగు,” అన్నాడు ప్రేమదాసు. జనాన్ని చూసి, “జర ఉండు,” అన్నాడు.

వచ్చే వారం ఇదే ఆట కల్హేర్‌లో ఆడాలి. సగం ఆట అని పేరొస్తే చూడ్డానికి ఎవరూ రారు. లేనిది కలుపుదామంటే దేవుని మాటకు తన మాట అతికించినట్టవుతుంది. ఎటూ తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయాడు.

అంతలో జనం మధ్య నుంచి భూమన్న పటేల్ లేచాడు. సిర్గాపూర్‌లో పెద్ద సేద్యం ఆయనది. డెబ్బయి దాటాయి. కర్ర ఊతంగా మెల్లగా బండి ఎక్కి కాలేబు ముందు నిలబడ్డాడు.

“లోపల్కి నడువు బిడ్డా.”

“నా పాటల లేదు పటేలా.”

“పాటల లేకుంటే కాళ్లు లేవా?”

భూమన్న కాలేబు చెయ్యి పట్టుకున్నాడు. పటేళ్లు కూలివాళ్ల చెయ్యి పట్టుకోవడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు. ఇది ఆటలో భాగమో కాదో ఎవరికీ అర్థం కాలేదు.

“నువ్వొక్కనివి బయట నిలవడితే లోపటోళ్లకు ముద్ద దిగుతదా? తప్పైంది బిడ్డా. నడువు. నీ కాళ్లు మొక్కుత.”

ముసలాయన నిజంగానే వంగబోయాడు. కాలేబు బెదిరిపోయి ఆయన్ని పట్టుకుని ప్రేమదాసు వైపు చూశాడు. ప్రేమదాసు తల వంచుకున్నాడు. కాలేబు ముల్లుగర్ర కింద పెట్టి, పరదా ఎత్తి లోపలికి పోయాడు.

ఎవరూ చెప్పకుండానే మద్దెల మోగింది. సంగమ్మ చప్పట్లు కొట్టింది. “గట్లుండాలె ఆట!” అని కొందరు, “మరి పుస్తకంల లేదంటివి?” అని కొందరు లేచి, చాపలు దులుపుకుంటూ సంతలోకి నడిచారు. జగన్నాథ్ మాత్రం సంత వైపు కాక ఇంటి దారి పట్టాడు.

బండి మీద భూమన్న ఇంకా పరదా వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆయన గడ్డం కన్నీళ్లతో తడిసిపోయింది.

ప్రేమదాసు దగ్గరికెళ్లి మెల్లగా అడిగాడు. “మీ పెద్దకొడుకు అలిగి పోయిండా పటేలా?”

“నాకు కొడుకులు లేరు పంతులూ,” అన్నాడు భూమన్న. “అంత తగలేసి నేను వాపసొచ్చిన దినమే, మా అన్న ఇల్లిడిసి పోయిండు.”