రెండూ పక్కపక్కనే

కంప్యూటర్‌కు గుచ్చిన పెన్‌డ్రైవ్ మిణుకుమిణుకుమంటోంది. దానికి నీలం ఊలు పోగు ఒకటి వేలాడుతోంది. ఆ ఇంట్లో ఊలు అంటని వస్తువు లేదు. అతని ఆఫీసు చొక్కా బొత్తాలకు కూడా చుట్టుకుని ఉంటుంది.

“అయిందా?” వంటింట్లోంచి అడిగింది భార్య.

“అవుతోంది...”

అవుతున్నదేమీ లేదు. అరగంట కిందటే కొంప మునిగింది. పాత ఆపరేటింగ్ సిస్టమ్ పక్కన కొత్తది పెట్టాలా, డిస్కంతా తుడిచేసి పెట్టాలా అని స్క్రీన్ మర్యాదగానే అడిగింది. ఈ మహానుభావుడు చదవకుండా రెండోది నొక్కాడు. నిన్న సొరుగులో చేతికందిన ఈ పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, దాంట్లోకి కొత్త సిస్టమ్ ఎక్కించేటప్పుడు కూడా అడిగినదానికల్లా ఇలాగే ‘సరే’ కొట్టాడు. అప్పుడేం కాలేదు మరి.

నాలుగేళ్లుగా ఆమె గీసుకున్న స్వెట్టర్ల అల్లిక నమూనాలు డిస్కులో ఇప్పుడు లేవు. రేపు ప్రచురణకర్తకు ఇవ్వాల్సిన పుస్తకం అది. “ఇచ్చేదాకా కంప్యూటర్ ముట్టుకోకండి” అని ఆమె చిలక్కి చెప్పినట్టు చెప్పింది. “రెండూ అక్కచెల్లెళ్లలా పక్కపక్కనే ఉంటాయి, నీదాని జోలికి పోనుగా” అని ఇతనే కోతలు కోశాడు.

ఆఫీసు కౌంటర్లో కూర్చుని, “చదవకుండా సంతకం ఎలా పెట్టారండీ?” అని వచ్చినవాళ్లను నలుగురిలో నిలదీసే మనిషి. మొన్న ఒక పెద్దావిడను కూడా అలాగే అడిగాడు. ఆవిడ తల దించుకోవడం ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏంటలా ఉన్నారు?”

“నీ పుస్తకం పోయింది.” అతను తలెత్తలేదు. “నేనే తుడిచేశాను. చదవకుండా నొక్కేశాను.”

కూలబడుతుందనుకున్నాడు. ఆమె నవ్వింది.

“అనుకున్నా! మిక్సీ బాగుచేస్తానని మీరు చేసిన నిర్వాకం చూశాక కూడా నమ్ముకుని కూర్చుంటానా? మొన్ననే అంతా కాపీ చేసి దాచాను.”

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత ముందుచూపున్న మనిషి ముందా తను కోతలు కోసింది! ప్రాణం లేచొచ్చినా ముఖం మాత్రం ఎత్తలేకపోయాడు.

“ఒట్టు, ఇకమీదట ప్రతి అక్షరం చదువుతా. ఎక్కడ దాచావు?”

“మీ ఛార్జర్ల సొరుగులోనే, పెన్‌డ్రైవ్‌లో.” ఆమె వెళ్లి సొరుగు లాగింది.

“మీవాటిలో కలిసిపోకుండా నీలం ఊలు కట్టాను.”