బూడిద మీద గీత

"కాళ్లు కింద పెట్టకుండ్రి సారూ!"

సుక్కమ్మ అరుపుకు, మంచం దిగబోతున్న గిర్దావరు రఘుపతి కాళ్లు పైకి లాక్కున్నాడు. వీధి గడప నుంచి మంచం కోడు దాకా నిన్న సాయంత్రం ఆమె జల్లించి చల్లిన బూడిద. దాని మీద వంకరటింకర గీత ఒకటి పడి ఉంది. బొటనవేలంత మందం. గడప దాటి లోపలికి వచ్చింది, మంచం కిందికి పోయింది. తిరిగి పోయిన జాడ లేదు.

"ఏందే గది?"

"పురుగు సారూ. లోపటికచ్చింది, బయటికి పోలే."

"పురుగంటే... పామా?"

"అయ్యో, పేరు తియ్యకుండ్రి! పేరు తీస్తే పిలిచినట్టేనాయె. పురుగనే అనాలె."

వానాకాలం ఆ ఊళ్లో ఏ ఇంట్లోనైనా దీపాలవేళ గడపలో బూడిద చల్లుతారు. రాత్రి ఏం వచ్చిందో, ఏం పోయిందో పొద్దున్నే చూసుకుంటారు. భువనగిరిలో బండలు పరిచిన ఇంట్లో పెరిగిన రఘుపతికి మొన్నటిదాకా అదొక తమాషా. ఇప్పుడా తమాషా మంచం కిందికే వచ్చింది.

"నా పెనిమిటిని గూడ గిసుంటి ముసురులనే ముట్టింది," అంది సుక్కమ్మ. "మోత్కూరు దవాఖానకు తోల్కపోతాంటె బండిలనే పానం పోయింది."

దొరల భూముల్లో కౌలుదార్ల పేర్లు రాస్తున్న రోజులవి. రెవెన్యూ కచేరీ నుంచి ఆ పని మీదే వచ్చాడు రఘుపతి. సుక్కమ్మ దున్నుకుంటున్న చెలక ఆమెదే అనాలన్నా, కాదనాలన్నా అతనే. చావిడి కప్పు కురుస్తోందని పటేలు తన ఇంట్లో గది ఇస్తానన్నాడు. రఘుపతి మాత్రం సుక్కమ్మ ఇల్లు చాలన్నాడు. సుక్కమ్మ, పెళ్లీడుకొచ్చిన కూతురు పుష్పమ్మ, ఇద్దరే ఉండే ఇల్లు. మొదట్లో అరుగు మీద పడుకున్నాడు. జల్లు కొడుతోందని నిన్ననే మంచం నడిమింట్లోకి వేయించుకున్నాడు. జల్లు తప్పిందనుకుంటే ఇదొచ్చి పడింది.

"పుష్పమ్మా, నీళ్లు తే!" అని కేకేశాడు.

నీళ్లు సుక్కమ్మే తెచ్చింది. "పిల్ల భయపడ్డది సారూ. లోపటి అర్రల గడియ పెట్టుకున్నది." కట్టులేని బర్రె ఒకటి వాకిట్లోంచి గడప మీదికి తల పెడితే దాన్ని అదిలించి వచ్చింది.

పక్కింటి గొర్లకాపరి భిక్షం కర్ర పట్టుకుని వచ్చాడు. బానలు జరిపాడు. బొంతలు దులిపాడు. కప్పులోకి కర్ర పెట్టి పొడిచాడు. గోడ సందులోంచి జెర్రి, కట్టెల కిందినుంచి తేలు బయటపడ్డాయి. రెంటినీ చంపాడు. పురుగు దొరకలేదు.

"దొరకలేదంటె పోయినట్టేగద?" ఆశగా అడిగాడు రఘుపతి.

"దొరకలేదంటె ఉన్నట్టు సారూ."

పటేలు ఇంటికి పోదామా అనుకున్నాడు ఒక్క క్షణం. ఎందుకో ఈ ఇల్లు వదలడానికి మనసొప్పలేదు. ఇల్లంతా కట్టుదిట్టం చేయమన్నాడు. గోడ బొక్కల్లో కుండపెంకులు కుక్కి ఎర్రమన్ను మెత్తారు. నీళ్లు పోయే తూముకు బట్ట దూర్చారు. ఎల్లిగడ్డ దంచి మూలమూలలా వేశారు. వేపాకు, గొర్రె బొచ్చు కలిపి పొగ పెట్టారు. ఊరంతా లేచి దండం పెట్టే గిర్దావరు సారు, దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, పంచె పైకి కట్టి ప్రతి మూలా తానే వంగి చూసుకున్నాడు.

పొద్దుగూకేసరికి భిక్షం తన నల్ల గొంగడి తెచ్చి మంచం కింద పరిచాడు. "బొచ్చు గుచ్చుకుంటదని పురుగు గొంగడెక్కదు సారూ. ఫికర్ చెయ్యకుండ్రి."

గొంగడి చుట్టూ సుక్కమ్మ మళ్లీ బూడిద చల్లింది.

దుప్పటి కప్పుకున్నాక తట్టింది రఘుపతికి. బొక్కలన్నీ మూసేశారు. మరి లోపలున్నది ఎటు పోతుంది?

అయినా పగలంతా వంగి లేచిన ఒళ్లు కదా, నిద్ర ముంచుకొచ్చింది.

తెల్లారి కళ్లు తెరిచి, కదలకుండా మెడ మాత్రం వంచి చూశాడు. గీత ఉంది. గొంగడి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అతని తల ఉన్న వైపు వచ్చి, గొంగడి అంచు దగ్గర ఆగిపోయింది. ఆ పైన బూడిద లేదు. ఎటు పోయిందో తెలిసే దారీ లేదు.

దిండు కింద చల్లగా తగిలింది. తన చెయ్యేనని తెలిసేలోపే రఘుపతి కెవ్వున అరిచి, ఒక్క దూకున వాకిట్లో పడ్డాడు. ఒళ్లంతా చెమట.

"బండి కట్టమను! ఇప్పుడే!"

"పటేలింటికా సారూ?" అంది సుక్కమ్మ.

"భువనగిరికి! గీ ఊళ్లె నేనుండ."

ఆమె సంచీ తెచ్చింది. భిక్షం చేత దాన్ని తలకిందులుగా దులిపించేదాకా రఘుపతి ముట్టుకోలేదు.

"మరి నా చెలక సంగతేంది సారూ?"

"నీ పేరే రాసిన. ఎప్పుడో రాసిన," అన్నాడు బండెక్కుతూ. "ఊళ్లె నా పని ఎప్పుడో అయిపోయింది."

సుక్కమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఎడ్లను అదిలించమని బండివాణ్ని తొందర చేస్తూనే, రఘుపతి కాళ్లు రెండూ పైకి ముడుచుకుని కూర్చున్నాడు.

బండి చప్పుడు పూర్తిగా ఆగిపోయాక పుష్పమ్మ లోపలి గది గడియ తీసుకుని బయటికొస్తే, సుక్కమ్మ కోళ్లగంప కిందినుంచి పలుపుతాడు తీసి, దానికంటిన బూడిద దులిపి, "ఇగ బర్రెను కట్టేసిరా పో బిడ్డా," అని కూతురి చేతికిచ్చింది.