సారె చేగోడీలు

ఆ కాలానికి పట్నంలో ప్రతి గోడలోనూ చెదలను కనిపెట్టే యంత్రం ఉంది. చెక్క కొరికే చప్పుడు వినిపిస్తే చాలు, మనుషుల్ని బయటికి పంపేసి, తలుపులు బిగించి మూడు రోజులు పొగ పెడుతుంది.

పల్లె నుంచి వచ్చిన కొత్త కోడలు మృదుల, మురిసిపోతూ సారె చేగోడీలను అపార్ట్‌మెంటంతా పంచింది. పావుగంటకల్లా నలభై ఇళ్ళవాళ్ళూ రోడ్డు మీదున్నారు.

"చెదలు కావు, చేగోడీలు!" అని ఆమె భర్త శ్రీకర్ గేటు దగ్గర అరిచాడు.

"మీ ఇల్లు మా బాధ్యత. దూరంగా ఉండండి," అంది యంత్రం.

"కరకరలాడాలని మా అమ్మ ఎంత కష్టపడిందో అత్తయ్యా!" అంది మృదుల.

"మేం పాలల్లో నానేసుకుని తింటాం. నీకు చెప్పడం మరిచానే పిచ్చితల్లీ," అంటూ అత్తగారు కొంగులోంచి ఒకటి తీసి కొరికింది. "రుచి మాత్రం అదిరిందే!"

ఎదుటి అపార్ట్‌మెంటు గోడ కుయ్యిమంది. అక్కడి జనం చెప్పులు చేతబట్టుకుని బయటికి రాసాగారు.