రెండో సంతకం

ముసలాయన తలుపుకు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"చూసినవా అక్కా?" శరత్ గొణిగాడు. "నే చెప్తనే ఉన్న గద, పిచ్చి దవాఖానల ఉండొచ్చినోడని."

"ఊకో. ఆయనకు తెలుగు రాదుగానీ మొహం చదువుడు వస్తది. నవ్వుకుంట కూసో."

ఊర్మిళ స్టుట్‌గార్ట్‌లో టర్కీ మానసిక వైద్య చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. టర్కీ నుంచి జర్మనీకి పని కోసం వచ్చి, ఇక్కడ మతి చెదిరి, ఇస్తాంబుల్ ఆసుపత్రికి చేరిన కూలీల మీద ఒక అధ్యాయం రాయాలి. డాక్టర్లు రాసినవి బోలెడు దొరికాయి. రోగి ఫైలు ఒక్కటీ దొరకలేదు. బతికున్న మనిషి ఫైలు అతని సంతకం లేనిదే ఇవ్వరు. సోమవారానికి ఒక్క ఫైలైనా చూపించకపోతే పరిశోధన మానుకోమన్నాడు ప్రొఫెసర్. అక్కడి నుంచి మళ్లీ జర్మనీకి తిరిగొచ్చినవాళ్లలో వెతగ్గా వెతగ్గా దొరికిన ఒకే ఒక్క మనిషి ఈ ఇల్యాస్ కరాజా.

"తాళం ఎందుకండీ?" జర్మన్‌లో అడిగింది.

"పోయినసారి మెట్ల మీద జనం నిలబడి చూశారు."

ఏ పోయినసారో ఆమె అడగలేదు.

ఆయన ఎదురుగా కూర్చుని ఆపిల్ చెక్కు తీయసాగాడు. కత్తి పొడుగ్గా ఉంది.

"ఎంతమంది వచ్చారు?"

"ఇద్దరమే."

"ఇద్దరే వస్తారు," తల ఊపాడు. "కింద బండి ఉందా?"

"లేదు. ఎస్-బాన్ రైల్లో వచ్చాం."

"బండి వెనక వీధిలో పెడతారు. నాకు తెలుసు."

శరత్ కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. "పోదాం పా అక్కా. నీ పీహెచ్‌డీ పాడుగాను. ఆయన మీదికొస్తే ఆ కత్తి నేను గుంజలేను."

"కుక్కపిల్లను చూసినా గిట్లనే ఒణుకుతవు."

అంది గానీ తనూ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద జరిపింది. "హెర్ కరాజా, ఇక్కడ ఒక్క సంతకం చాలు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలు కదుపుతూ చదివాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టంతో..." పైకి చదివి నవ్వాడు. ఆ నవ్వుకు శరత్ లేచి నిలబడ్డాడు.

"అది రూలండీ," ఊర్మిళ అంది. "అందరి దగ్గరా తీసుకుంటాం."

"అప్పుడూ రూలే అని సంతకం పెట్టించుకున్నారు." కత్తి మొన ఆమె వైపు వచ్చింది. దాని మీద ఆపిల్ ముక్క ఉంది. ఆమె తీసుకోలేదు. "పెట్టకపోతే?"

పెట్టకపోతే ఏమీ కాదు. ఆ మాట చెప్పాలన్నదీ రూలే. ఊర్మిళకు సోమవారం గుర్తొచ్చింది.

"పెట్టండి," అంది. "పెడితేనే మంచిది."

ఆయన కత్తి పక్కన పెట్టి, పెన్ను అందుకున్నాడు. ఆమె ఆయన మొహం చూడలేదు. పెన్ను చూసింది. సిరా ఆరకముందే కాగితం లాక్కుని సంచిలో పెట్టుకుంది.

ముసలాయన లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. బీరువా తలుపు కిర్రుమంది. బరువైనదేదో నేల మీద ఈడుస్తున్న చప్పుడు.

"తుపాకి గిన తెస్తుండా ఏంది!" శరత్ పరుగున వెళ్లి బయటి తలుపు గుంజాడు. రాలేదు. ఊర్మిళ సంచిని రెండు చేతులతో రొమ్ముకు హత్తుకుని గోడకు ఆనుకుంది.

అడుగులు దగ్గరయ్యాయి.

ఆయన గడప దగ్గర ఆగాడు. కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. తలకు టోపీ. చేతిలో తోలు వార్లు కట్టిన పాత సూట్‌కేసు. తాళంచెవి తీసి ఊర్మిళ చేతిలో పెట్టాడు.

"పదండి," అన్నాడు. "ఈసారి చేతులు కట్టకండి. నేనే నడిచొస్తాను."