చప్పుడు లేని వైపు

పోస్ట్‌డాక్ దరఖాస్తుకు రేపే ఆఖరి రోజు. రాత్రిపూట గోదావరి చేపలు చేసే శబ్దాల మీద పీహెచ్‌డీ చేసిన వెంకటదుర్గకు ఇంకొక్క రికార్డింగు తక్కువైంది. ఈ అవకాశం పోతే మళ్లీ ఏడాది దాకా లేదు. అందుకే బాబాయి వీరాస్వామిని బతిమాలి, నరసాపురం రేవు నుంచి పడవలో నడి గోదావరికి వచ్చింది.

ఎడమవైపు నీళ్లలోకి మైకు దింపి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. చేపల గురగుర లేదు. చెక్క మీద ఎవరో కర్రతో కొడుతున్నట్టు టక్, టక్ మంటోంది. కుడివైపు దింపితే అదే చప్పుడు. వెనకవైపు ఇంకాస్త దగ్గరగా. హెడ్‌ఫోన్లు తీస్తే మాత్రం ఏ అలికిడీ లేదు.

“బాబాయ్, ఎవరన్నా వేటకొచ్చారా?”

“లేదమ్మా. ఇవాళ మన పడవొక్కటే.”

“మరి బల్ల మీద కొడుతున్నట్టు వినిపిస్తోందేంటి?”

అతను నవ్వాడు. “చేపల్ని అలాగే కదా తోలతాం. మూడు పక్కల నుంచీ కొడితే బెదిరిపోయి చప్పుడు లేని వైపుకి పోతాయి. వల అక్కడ కడతాం.”

దుర్గ మైకును పడవ ముందువైపు దింపింది. ఎంతసేపు విన్నా ఏమీ లేదు.

“అటు వద్దు బాబాయ్.”

“ఇల్లు అటే కదా తల్లీ,” అంటూ అతను తెడ్డు వేశాడు.