దేవక్క పెట్టిన ఎడ

మతిమరుపు జబ్బు ముదిరాక దేవక్క కాళ్లలో సత్తువ పోయింది. రెండు నెలలుగా మంచం దిగలేదు. ఆ సాయంత్రం నర్సు నేత్రావతి వచ్చి తూకం చూసి, మళ్లీ తగ్గిందని చెప్పింది.

"కంచం రోజూ ఖాళీ అయితాంది గదమ్మా" అన్నాడు మొగుడు గాదిలింగప్ప.

"అయితే తినేది నువ్వేమో తాతా" అని నవ్వింది. వెళ్తూ వెళ్తూ మెల్లగా, "ఇట్లే ఉంటే ఈ నెల దాటదు" అంది.

ఆ రాత్రి పప్పులో నానేసిన జొన్నరొట్టె దేవక్క మంచం పక్కన పెట్టి, దీపం ఆర్పి, కంచం ఖాళీ చేసేదెవరో తెలుసుకుందామని గడప దగ్గర కూర్చున్నాడు. సండూరు దారిలో ఖనిజం లారీల మోత ఆగిపోయింది. అప్పుడు నమిలే చప్పుడు వినబడింది, పళ్లు లేని నోరు నమిలినట్టు. దేవక్కకు పళ్లన్నీ ఉన్నాయి.

"ఏమే, తింటాండావా?"

"నేనెట్ల తినేది? అత్తకు ఎడ పెట్టినా. ముందు ఆమె తినాల గదా."

గాదిలింగప్ప తల్లి పోయి ఇరవై ఏళ్లయింది. చనిపోయిన పెద్దలకు ఎడ, అంటే వాళ్ల పేరున తిండి, పెట్టి, వాళ్లు తిన్నాకే ఆ ఇంట్లో మిగతావాళ్లు తింటారు. అన్నీ మరిచిన దేవక్క అది మాత్రం మరవలేదు.

అతను చీకట్లోకి చేతులు జోడించాడు. "అమ్మా, ఇంక చాలు. దాన్ని తిననీ."

నమిలే చప్పుడు ఆగింది. కాసేపటికి ఖాళీ కంచం, ఇంకా పెట్టమన్నట్టు, నేలమీద జరుగుతూ వచ్చి అతని కాలికి తగిలింది.